రోజూ బొమ్మలు వేస్తున్నా స్టైల్ రావట్లేదు, ఛాలెంజ్‌లతో ఎవరికైనా వచ్చిందా?

సిరాబుడ్డి
రోజుకో బొమ్మ అని పెట్టుకుని ఏడాది దాటింది. అక్టోబర్‌లో ఇంక్‌టోబర్ (నెలంతా రోజుకో పదానికి ఇంకుతో ఒక బొమ్మ), ఆ తర్వాత ఎవరో ఇచ్చిన పదాల లిస్టు, మధ్యమధ్యలో "ఈ బొమ్మని మీ స్టైల్లో వేయండి" ఛాలెంజ్‌లు. అప్పుడప్పుడూ ఎగ్గొట్టినా మొత్తానికి బండి నడుస్తోంది. చెయ్యి తిరిగింది, అందులో డౌట్ లేదు. కానీ మొన్న అన్నీ హాల్లో పరిచి చూస్తే పదిమంది వేసినట్టున్నాయి. ఒకటి బాపు గారి అమ్మాయి, పక్కనే జపాన్ అనిమే కుర్రాడు, దాని పక్కన పింటరెస్ట్‌లో బోలెడు దొరికే కొండలు, చందమామ. మా ఆవిడ కాఫీ కప్పుతో అలా చూసి "ఇందులో నువ్వేసినవి ఏవి?" అంది.

అడిగేదేంటంటే, ఛాలెంజ్ వల్ల నిజంగా స్టైల్ వస్తుందా, లేక చెయ్యి ఒక్కటే తిరుగుతుందా? మీలో ఎవరికైనా వచ్చిందా? వస్తే ఎలా వచ్చింది?

పెన్సిల్‌ముక్క
ముందు మీ ఆవిడ గారికి ఇక్కడ ఐడీ ఇప్పించండి. ఇంత సూటి విమర్శ ఈ ఫోరంలో ఎవరూ రాయలేదు.

డ్రాయింగ్‌మాస్టారు
హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకి చాలామందిని తయారుచేశాను. ఉన్న మాట చెబితే కోపం తెచ్చుకోకండి. ఈ స్టైల్ గొడవ ఈ మధ్య వచ్చిన జబ్బు. చెంబు సరిగ్గా నిలబడేలా వేయడం రాకముందే "నా స్టైల్" అంటున్నారు. చెంబు మూతి గుండ్రన వేరు, అడుగు గుండ్రన వేరు. కంటికి ఎంత దిగువన ఉంటే ఆ గుండ్రన అంత తెరుచుకుంటుంది. అది తెలియకుండా వంకరగా వేసి, అడిగితే స్టైల్ అనేవాళ్లని చూశాను.

జపాన్ చిత్రకారుడు హొకుసాయి ఏమన్నాడు? డెబ్బై ఏళ్ల లోపు తాను వేసినవాటిలో చెప్పుకోదగ్గది ఏదీ లేదన్నాడు. ఆయనే అలా అంటే మనకి ఏడాదిలో ఎలా వస్తుంది? వేస్తూ పోండి.

నర్సాపురంనాని
మాస్టారూ, నమస్కారం పెట్టి మరీ విభేదిస్తున్నా. హొకుసాయి సంగతి సరే, మన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి సంగతేంటి? 1897లో పుట్టారు, 1925లో పోయారు. 28 నిండలేదు. రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీకి వెళ్లి చూడండి. ఆ ఆడవాళ్ల నిలబడే తీరు, ఆ ఒద్దికైన రంగులు చూస్తే సంతకం అక్కర్లేదు. వయసుతో పనిలేదండీ.

డ్రాయింగ్‌మాస్టారు
దామెర్ల బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి వచ్చాడు బాబూ. అంతకుముందే రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కంట్లో పడ్డాడు. పునాది ఉంది. నేను చెప్పేదీ అదే.

నర్సాపురంనాని
పునాది వద్దని నేనెక్కడన్నానండీ! డెబ్బై ఏళ్లు ఆగక్కర్లేదంటున్నా, అంతే.

డల్లాస్‌బావ
తప్పు మీ చేతిది కాదు బ్రో, లిస్టుది. జేక్ పార్కర్ 2009లో ఇంక్‌టోబర్ మొదలుపెట్టింది తన ఇంకింగ్ బాగుపడాలని, రోజూ గీసే అలవాటు పడాలని. స్టైల్ తెప్పిస్తానని దాని మీద ఎక్కడా రాసిలేదు. రోజూ కుదరకపోతే రోజు విడిచి రోజు, అదీ కుదరకపోతే వారానికొకటి వేసుకోమని రూల్స్‌లోనే ఉంది. మనవాళ్లు మాత్రం 31కి 31 పడకపోతే వ్రతభంగం అయినట్టు ఫీలైపోతారు.

ఇప్పుడు లిస్టు ఏం చేస్తుందో చూడండి. ఇవాళ 'కోట', రేపు 'చేప', ఎల్లుండి 'తాళం'. ఆఫీసు నుంచి వచ్చి భోంచేసి కూర్చునేసరికి పది. కోట మీకు తెలియదు. ఫోన్‌లో వెతుకుతారు. మొదట కనబడిన నాలుగు బొమ్మల్లో ఎవడో అప్పటికే తేల్చేసిన కోణం, వెలుతురు, గీత అన్నీ తెలియకుండానే మీ కాగితం మీదికి వచ్చేస్తాయి. మీరు పెట్టింది చేయి ఒక్కటే, నిర్ణయాలన్నీ వాడివి. హాల్లో పరిస్తే పదిమంది కనబడక ఇంకేం కనబడుతుంది?

సిరాబుడ్డి
డల్లాస్‌బావ గారు మా ఇంట్లో కెమెరా పెట్టినట్టున్నారు. కోట రోజు నేను చేసింది అక్షరాలా అదే.

బస్టాండ్‌బొమ్మలు
నాకు వచ్చింది, కానీ నేను అనుకున్న తొవ్వలో రాలేదు.

మాది వరంగల్ సైడు. డ్యూటీకి రోజూ బస్సులో పోయి వస్తా. బస్సు కోసం చూసే టైంలో ఒక్క మనిషినైనా గీయాలని పెట్టుకున్నా. లాంగ్ నోట్‌బుక్, నీలం బాల్‌పెన్ను. అంతకుమించి ఏం లేదు. మొదట్లో ముఖాలు వేద్దామని చూస్తే మస్తు కష్టమైంది. మనం చూస్తున్నామని తెలియగానే మనుషులు బిగుసుకుపోతారు. కొందరు "ఏం రాస్తున్నవమ్మా" అని పక్కకు వచ్చి కూర్చుంటారు. ఇక బొమ్మేం వేస్తాం? అందుకని వెనక నుంచి వేయడం మొదలుపెట్టిన. ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నవాళ్ల వీపులు.

వీపులో ఇంత సంగతి ఉంటదని అప్పటిదాకా తెలియదు. సంచి ఎటు వేలాడితే ఆ భుజం కిందికి జారుతుంది. నిద్రపోయేవాళ్ల మెడ ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క నరం తాడులా లేస్తుంది. ముసలమ్మలు కొంగు భుజం మీంచి తీసి నడుము దగ్గర దోపుకుంటే వీపు మీద ఏటవాలుగా ఒకటే పెద్ద మడత పడుతుంది, అది ఒక్క గీతలో వచ్చేస్తే సగం బొమ్మ అయిపోయినట్టే. బస్సు వచ్చిందంటే మనిషి లేచిపోతారు. కాబట్టి గీత మళ్లీ మళ్లీ రుద్దే టైం లేదు. ఎక్కడ ఆగితే అక్కడ వదిలేయడమే.

ఇప్పుడు ఇంట్లో తీరుబాటుగా కూర్చుని వేసినా నాకు అట్లనే వస్తుంది. సగంలో ఆగే గీత, ముఖం లేని మనిషి. మా గ్రూపులో పేరు లేకుండా పెట్టినా "ఇది నీదే" అంటున్నారు. నేను ఎంచుకున్నదైతే కాదు. బస్సు టైమింగులు, మనుషుల సిగ్గు, నా దగ్గరున్న పెన్ను కలిసి చేసినయి.

కుంచెకారం
బస్టాండ్ అక్కా, ఇది విడిగా దాచుకోవాల్సిన పోస్టు.

ఎడమచేతివాటం
పైన అక్క చెప్పినదానికి నాదీ ఓటు. నాది ఎడమ చెయ్యి. ఇంకుతో వేసేవాళ్లలో ఎడమచేతివాళ్ల బాధ మీకు తెలియదు. ఎడమ నుంచి కుడికి పోతుంటే ఇప్పుడే గీసిన తడి గీత మీదుగానే అరచెయ్యి పోతుంది. సన్నటి అడ్డగీతలతో షేడింగ్ చేస్తే బొమ్మంతా బూడిద. విసుగొచ్చి రెండు పనులు చేశా. కాగితం కుడి అంచు నుంచి మొదలుపెట్టడం, షేడింగ్ పూర్తిగా మానేసి నీడల్ని ఆఖర్లో బ్రష్‌తో నల్లగా నింపేయడం. బూడిదరంగు మధ్యస్థాలు లేవు. అయితే తెలుపు, లేదంటే నలుపు.

ఆర్నెల్ల తర్వాత ఒకాయన "మీరు చెక్క మీద చెక్కి అచ్చు వేస్తారా?" అని మెసేజ్ పెట్టాడు. నేను వేసేది అలా కనబడుతుందని అప్పటిదాకా నాకే తెలియదు.

పెన్సిల్‌ముక్క
అంటే స్టైల్ కావాలంటే ముందు ఏదో ఒక కష్టం ఉండాలన్నమాట. నాకు బద్ధకం ఉంది, సరిపోతుందా?

ఎడమచేతివాటం
సరిపోతుంది. బద్ధకంగా ఒకే గీతలో వేసి పెట్టు. మినిమలిజం అంటారు.

కుంచెకారం
నేను కొంచెం వేరే రూట్లో వస్తా. అసలు స్టైల్ ఎందుకు కావాలి మీకు? ఇన్‌స్టాలో ప్రొఫైల్ పేజీ అందంగా కనబడటానికా? నేను అమ్మే బొమ్మలు వేస్తాను. ఒకసారి తలపాగా తాత బొమ్మ బాగా పోయింది. అప్పట్నుంచి అడిగేవాళ్లంతా తలపాగా తాతనే అడుగుతున్నారు. గేదెని వేస్తే "గేదెకి తలపాగా పెట్టరా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. స్టైల్ అంటే బయటికి రాలేని గది. మీకు ఇంకా తలుపు పడలేదు, సంతోషించండి.

బస్టాండ్‌బొమ్మలు
అది స్టైల్ కాదు తమ్ముడూ, సబ్జెక్టు. తలపాగా ఎవరైనా వేయొచ్చు.

నర్సాపురంనాని
కరెక్ట్. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారిని చూడండి. ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చు తీయడం) చేశారు, గాజు మీద వేశారు, మట్టితో చేశారు. పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఎక్కడికెళ్లినా వెంట వచ్చాయి, కానీ అవి లేకపోయినా ఆ గీత పట్టిచ్చేస్తుంది.

బాపు గారి గురించి సిరాబుడ్డి గారు ఎత్తారు కాబట్టి ఆయన ఊరివాడిగా నాలుగు మాటలు. అందరూ ఆయన అమ్మాయి కళ్లు, జడ కాపీ కొడతారు. అవి చివరి పొర. ఆయన కార్టూన్ వేరు, కథకి వేసిన బొమ్మ వేరు, రంగుల్లో వేసిన రామాయణం వేరు. మూడింటిలోనూ ఒకటే ఉన్నది ఏంటో తెలుసా? ఖాళీ. కాగితంలో ఎంత వదిలేయాలో ఆయనకి తెలుసు. మనిషిని ఒక మూలకి నెట్టి మిగతాదంతా వదిలేస్తారు, అయినా బొమ్మ ఒరిగిపోదు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన బొమ్మల మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, మనుషుల్ని కాకుండా ఖాళీల అంచుల్ని గీసుకునేవాణ్ణి. కళ్లు కాపీ కొట్టినన్నాళ్లు రానిది అప్పుడు వచ్చింది.

ఇంకొకటి, ఆయన చదివింది లా. గీత నేర్పింది వారపత్రికల డెడ్‌లైన్లు. కథ సోమవారం ఇస్తే బొమ్మ బుధవారానికి ప్రెస్సుకి పోవాలి అన్నట్టు ఉండేది ఆ రోజుల్లో ఇలస్ట్రేటర్ల బతుకు. మనం ఛాలెంజ్ అని పేరు పెట్టుకున్నదాన్ని వాళ్లు ఉద్యోగం అనేవారు.

డ్రాయింగ్‌మాస్టారు
ఖాళీ సంగతి బాగా చెప్పావు నానీ. క్లాసులో దాన్నే నెగెటివ్ స్పేస్ అని చెప్పేవాణ్ణి. కుర్చీ వేయమంటే కుర్చీ కాళ్ల మధ్య గాలిని వేయమనేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు, కానీ గాలి వేసినవాడి కుర్చీయే సరిగ్గా వచ్చేది.

ముగ్గులపిండి
ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. దీనికి రాయాలనిపించింది.

నా ఛాలెంజ్ ధనుర్మాసంలో. తిరుప్పావై 30 పాశురాలు, రోజుకొకటి. పొద్దున్నే వాకిట్లో ముగ్గు, పూజ అయ్యాక ఆ రోజు పాశురానికి ఒక పోస్టుకార్డు సైజు బొమ్మ. ఇందులో గొప్పేమీ లేదు, కానీ మీ అందరి ఛాలెంజ్‌లకీ దీనికీ ఒక తేడా ఉంది. లిస్టు మారదు. ప్రతి ఏడాదీ అవే 30. డిసెంబర్‌లో మళ్లీ మొదటి పాశురం దగ్గరికే రావాలి.

మూడో పాశురం చూడండి. వానలు బాగా కురిసి వరి ఏపుగా పెరిగితే ఆ చేలో చేపలు ఎగురుతుంటాయి, కలువపువ్వులో తుమ్మెద నిద్రపోతుంటుంది, ఆవులు కుండలు నిండేలా పాలిస్తుంటాయి. మొదటి ఏడాది అన్నీ పెట్టేశాను. వామనుడు, వరి, చేప, తుమ్మెద, ఆవు, కుండ, గోదాదేవి. క్యాలెండర్‌లా వచ్చింది. మరుసటి ఏడాది దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే అసలు నాకు వేయాలనిపించింది చేప ఒక్కటే అనిపించింది. చేపే వేశాను. ఆ తర్వాత ఏడాది చేప కూడా తగ్గింది. కార్డు నిండా నిలువు వరి దుబ్బులు, వాటి మధ్య ఒకచోట నాలుగు దుబ్బులు పక్కకి వంగి, ఒక తోక. అంతే.

అదేపనిగా వెనక్కి చూస్తే తెలిసింది, ప్రతి పాశురంలోనూ నేను మనుషుల్ని తీసేస్తూ, వాళ్లు కదిలించిన వస్తువుల్ని ఉంచుతున్నాను. తలుపు గడియ, దీపం, తీసిన దుప్పటి. దాన్ని స్టైల్ అంటారో లేదో మీరే చెప్పాలి.

సిరాబుడ్డి
అంటారండీ. ఖచ్చితంగా అంటారు. ఆ తోక బొమ్మ ఇక్కడ పెట్టకపోతే ఊరుకోం.

డల్లాస్‌బావ
నేను లిస్టుని తిట్టాను కానీ ముగ్గులపిండి అక్క లిస్టుతోనే పని సాధించారు. అయితే నా మాట కొంచెం మార్చుకుంటా. లిస్టు ఉండటం కాదు, రోజూ తెలియని కొత్త సంగతి మీద పడటం చెరుపు చేస్తుంది. అదే సంగతికి మళ్లీ వస్తే మొదటిసారి చేసింది రెండోసారి బోర్ కొడుతుంది, అప్పుడు సొంతంగా ఏదో ఒకటి చెయ్యక తప్పదు. హొకుసాయి ఫ్యూజీ కొండ కూడా ఇదేగా. ముప్పై ఆరు దృశ్యాలని పేరు పెట్టి చివరికి 46 వేశాడు. ఆ పెద్ద అల బొమ్మ అందులోదే, కొండ మూలకి బుల్లిదైపోయింది.

పెన్సిల్‌ముక్క
27వ పాశురంలో పరమాన్నం మీద నెయ్యి మోచేతిదాకా కారాలి కదా అక్కా, అది ఎలా వేశారు? ఆకలేసి అడుగుతున్నా.

ముగ్గులపిండి
మొదట చెయ్యి, నెయ్యి రెండూ వేశాను. ఈసారి మోచేతి గాజు కింద ఒక్క బొట్టు. మీకు ప్రసాదం పార్సెల్ రాదు.

ఏఐవీరుడు
ఇంత కష్టమెందుకు సార్. మీ బొమ్మలు ఓ ఇరవై ఏఐకి ఇస్తే మీ స్టైల్ ఏంటో అదే తీసి ఇస్తుంది.

ఎడమచేతివాటం
ఇచ్చి చూశా బాస్. నీట్‌గా వేసిచ్చింది. నల్ల నీడల అంచులన్నీ సాపు చేసి, మధ్యలో మెత్తటి బూడిదరంగు పూసింది. నేను కష్టపడి వదిలించుకున్నదే మళ్లీ తెచ్చి పెట్టింది.

కుంచెకారం
తలపాగా పెట్టిందా?

సిరాబుడ్డి
అందరూ చెప్పింది కలిపి చూసుకుంటే నాకు అర్థమైంది ఇది. పెన్ను, కాగితం సైజు, విషయం మూడూ ఒకటే ఉంచి కొన్ని నెలలు వేయాలి. మరి ఏ పెన్ను? నా దగ్గర మైక్రాన్ సన్నమొన పెన్నులు 01 నుంచి 08 దాకా ఉన్నాయి, బ్రష్ పెన్ను ఉంది, తాతగారి రత్నం పెన్ను కూడా ఉంది. దాంట్లో ఇండియన్ ఇంక్ పోద్దామనుకుంటున్నా.

డ్రాయింగ్‌మాస్టారు
ఆ పని మాత్రం చేయకు నాయనా! ఇండియన్ ఇంకులో సాధారణంగా లక్క లాంటి బంక ఉంటుంది. ఫౌంటెన్ పెన్నులో ఎండితే గొట్టం మూసుకుపోతుంది, కడిగినా రాదు. అది ముంచి రాసే పాళీకి, బ్రష్‌కి. తాతగారి పెన్నులో మామూలు పెన్ను ఇంకే పొయ్యి. దాని మీద నీళ్ల బ్రష్ తగిలితే ఇంకు చెదిరి నీడలా పాకుతుంది, అది కూడా అందమే.

నర్సాపురంనాని
రత్నం పెన్ను ఇంట్లో పెట్టుకుని మైక్రాన్ల గురించి అడుగుతారేంటండీ! మా గోదావరి జిల్లాల పరువు తీయకండి. రాజమండ్రిలో చేసిన పెన్ను, గాంధీగారి దాకా వెళ్లిన పేరు.

బస్టాండ్‌బొమ్మలు
పెన్ను ఏదైనా ఒకటే. చెడగొట్టినా బాధ అనిపించని కాగితం తీసుకో అన్నా. ఖరీదైన, మందపాటి 300 జీఎస్ఎం కాగితం పుస్తకం కొంటే మొదటి పేజీకే చెయ్యి వణుకుతది. నాకు అట్లాంటి పుస్తకం గిఫ్టు వచ్చి ఇంకా కవరులోనే ఉంది.

కుంచెకారం
నాదొక సలహా, పైన తిట్టినవాణ్ణే అయినా. వేసినవి కొన్నాళ్లు ఎక్కడా పోస్ట్ చేయొద్దు. లైకులు వచ్చిందే మళ్లీ వేస్తాం, మనకి తెలియకుండా. నా తలపాగా తాత అలాగే పుట్టాడు.

డల్లాస్‌బావ
ఇందులో నేను ఒప్పుకోను. పోస్ట్ చేయకపోతే సగం మంది రెండో వారానికే ఆపేస్తారు. ఎవరో ఒకరు అడిగేవాళ్లు ఉండాలి.

కుంచెకారం
అడిగేవాళ్లు ఉండాలి, సరే. ఐదుగురు ఉండాలి, ఐదొందలు అక్కర్లేదు.

ముగ్గులపిండి
నేను మా చెల్లికి మాత్రమే పంపుతాను. బాలేకపోతే "ముగ్గు బాగుంది" అని రిప్లై పెడుతుంది.

సిరాబుడ్డి
ఫైనల్. మా కాలనీ మలుపులో టిఫిన్ బండి ఉంది. పొద్దున వాకింగ్ నుంచి వస్తూ రోజూ అక్కడే ఆగుతా. అదే సబ్జెక్టు. తాతగారి పెన్ను, మామూలు ఇంకు, పోస్టుకార్డు సైజు. రిఫరెన్సు ఫొటో తీయను, అక్కడ నిలబడి గీసినంతే. ఉగాది దాకా వేసి, అన్నీ మళ్లీ హాల్లో పరుస్తా. ఈలోపు వారానికోసారి ఇక్కడ ఒకటి పెడతా, కుంచెకారం గారు ఆ ఒక్కదానికి ఒప్పుకోవాలి.

కుంచెకారం
సరే, బండాయనకి తలపాగా లేదని హామీ ఇవ్వండి.

డ్రాయింగ్‌మాస్టారు
టిఫిన్ బండి మంచి ఎంపిక. ముఖాల జోలికి పోకుండా మొదటి నెల చేతులే వెయ్యి. దోసె తిప్పే చెయ్యి మణికట్టు దగ్గర ఎలా వంగుతుందో చూడు, పిండి గరిటె తిప్పేటప్పుడు వేరు, అట్లకాడ పట్టినప్పుడు వేరు. పెనం గుండ్రన కూడా చెంబు మూతి లాంటిదే, నేను చెప్పిన రూలు మర్చిపోకు.

బస్టాండ్‌బొమ్మలు
తినేవాళ్ల వీపులు నాకు వదిలేయ్ అన్నా.

పెన్సిల్‌ముక్క
ఏ కాలనీ? చట్నీ ఏమిస్తాడు?

సిరాబుడ్డి
అల్లం, పల్లీ రెండూ. గురువారం సెలవు. ఆ రోజుకి ఏం వేయాలో ఎవరైనా చెప్పండి.

ఎడమచేతివాటం
మూసిన బండి. మొత్తం నలుపు. నా డిపార్ట్‌మెంటు, డౌట్లుంటే అడుగు.